ముందు జమ... తర్వాతే ఖర్చు

కొట్టు కట్టేసే వేళకి కిరాణా వ్యాపారి తప్పకుండా ఓ పని చేస్తాడు. గల్లాపెట్టె ముందు కూర్చుని చిట్టా తెరుస్తాడు. ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు. పొద్దుట్నుంచీ వచ్చిందెంతో, పోయిందెంతో రాసుకుని నిల్వ తేల్చాకే షట్టరు దించుతాడు. ఒక్కరోజు బద్ధకించినా మర్నాడు లెక్క తేలదని అతనికి తెలుసు.

రూపాయల సంగతి సరే. మరి రోజు సంగతి?

పొద్దున లేచింది మొదలు రాత్రి దీపం ఆర్పేదాకా పదహారు గంటలు చేతుల్లోంచి జారిపోతాయి. ఎవరితోనో మనసువిప్పి మాట్లాడతాం. ఎవరి మీదో విసుక్కుంటాం. ఎవరో అడక్కుండానే సాయం చేస్తారు. ఎవరికో చేస్తామన్న సాయం మరిచిపోతాం. పడుకునే వేళకి వీటిలో గుర్తుండేవెన్ని? మహా అయితే మనసుని గుచ్చిన మాట ఒకటీ, రేపు కట్టాల్సిన బిల్లు ఒకటీ. మిగతాదంతా ఎటు పోయిందో తెలీదు.

ఆ రోజుని అలా పోనివ్వకుండా దేవుడి ఎదుట కూర్చుని ఒకసారి తిరగేసుకునే అలవాటు క్రైస్తవ సంప్రదాయంలో ఉంది. దాని పేరు ఆత్మపరిశోధన. పట్టే సమయం పావుగంట. గుడికి వెళ్లక్కర్లేదు, పుస్తకం అక్కర్లేదు, పెద్దగా మాటలు కూడా అక్కర్లేదు. చూడ్డానికి చాలా తేలిక. అయితే దీన్లో ఓ మెలిక ఉంది. లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలన్నదే ఆ మెలిక. అది తెలియక ప్రాణం మీదికి తెచ్చుకున్న మనిషే తర్వాత ఈ పద్ధతిని ప్రపంచానికి నేర్పాడు.

ఇన్నయ్య పేరు వెనక...

గుంటూరు, పల్నాడు ప్రాంతాల కథోలిక పల్లెలకి వెళ్తే ఇన్నయ్య, ఇన్నారెడ్డి, శౌరయ్య, శౌరెడ్డి లాంటి పేర్లు వినిపిస్తాయి. బయటివాళ్లకి అవి అచ్చంగా ఊరి పేర్లే అనిపిస్తాయి. నిజానికి ఇన్నయ్య అంటే ఇన్నాసి... అంటే ఇగ్నేషియస్. శౌరి అంటే జేవియర్. 1529లో పారిస్‌లోని సెయింట్ బార్బ్ కళాశాలలో ఒకే గదిలో ఉంటూ చదువుకున్న ఇద్దరు స్నేహితుల పేర్లవి. వాళ్లలో శౌరి... అంటే ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో గోవాలో అడుగుపెట్టాడు. ఇగ్నేషియస్ ఎన్నడూ మనదేశానికి రాలేదు. ఆయన స్థాపించిన యేసు సభ మాత్రం వచ్చింది. విజయవాడలో 1953లో మొదలైన ఆంధ్ర లొయోలా కళాశాల ఆ సభ ఫాదర్లు నడిపేదే. ఆ కళాశాల పేరులోని లొయోలా... ఇగ్నేషియస్ పుట్టిన కోట పేరు.

అలా చూస్తే ఆయన పేరు తెలుగు గడ్డకి కొత్తకాదు. ఆయన పడ్డ యాతనే చాలామందికి తెలీదు.

మంచం మీద మొదలైన గమనింపు

ఇగ్నేషియస్ 1491లో స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఓ పెద్దింట పుట్టాడు. కుర్రతనమంతా రాజుల కొలువుల్లోనే గడిచింది. కత్తి తిప్పడం, సొగసుగా తయారవడం, పేరు తెచ్చుకోవడం... ఇవే లోకం. 1521 మే 20న పాంప్లోనా కోటని ఫ్రెంచి సేనలు ముట్టడించినప్పుడు ఫిరంగి గుండు తగిలి ఆయన కుడికాలు నుజ్జయింది. ఎడమకాలికీ గాయమైంది. ఎముక సరిగ్గా అతుక్కోకపోతే మళ్లీ విరిచి కట్టారు. అప్పటికీ ఓ ముక్క పైకి పొడుచుకొచ్చింది. బిగుతు బూట్లు వేసుకోవడానికి అది అడ్డమని దాన్ని కోయించుకున్నాడు. మత్తుమందుల్లేని రోజులవి! అందం మీద అంత మోజు. ఆ కాలు చివరికి కాస్త కురచగానే మిగిలింది.

నెలల తరబడి మంచమే గతి. కాలక్షేపానికి వీరుల సాహసగాథలు అడిగాడు. ఆ ఇంట్లో అవి లేవు. ఉన్నవి క్రీస్తు చరిత్ర, పునీతుల కథల పుస్తకం. గత్యంతరం లేక అవే చదివాడు. మిగతా సమయమంతా పగటికలలు. ఓ గొప్పింటి స్త్రీ మెప్పు కోసం తాను చేయబోయే సాహసాల గురించి గంటలకొద్దీ ఊహించుకునేవాడు. మరికాసేపు ఫ్రాన్సిస్, డోమినిక్ లాంటి పునీతుల్లాగా తానూ కాలినడకన జెరూసలేం వెళ్తే ఎలా ఉంటుందా అని ఊహించుకునేవాడు.

ఆ రెండు ఊహలూ ఇష్టంగానే ఉండేవి. కానీ కొన్నాళ్లకి ఓ తేడా గమనించాడు. మొదటి ఊహ ఉన్నంతసేపే తీపి. అది పోగానే మనసు ఎండిపోయినట్టుండేది. రెండోది పోయాక కూడా సంతోషం మిగిలేది. అంతే. పైకి చూస్తే చాలా చిన్న విషయం. ఆ తర్వాత ఆయన రాసినదానికీ, నేర్పినదానికీ పునాది అదే. ఏ పని చేస్తున్నప్పుడు బావుందన్నది కాదు, చేశాక మనసులో ఏం మిగిలిందన్నది చూసుకోవాలి. అలా చూసుకోవాలంటే... ఒకసారి ఆగాలి. వెనక్కి తిరగాలి.

లెక్క తెగని రోజులు

కాలు నయమయ్యాక 1522లో ఇల్లు విడిచాడు. మోంసెరాత్ కొండ మీద మరియమాత గుడిలో కత్తి వదిలేశాడు. మూడు రోజులపాటు తన పాపాలన్నీ రాసి మరీ గురువు ముందు ఒప్పుకున్నాడు. అక్కణ్నుంచి దగ్గర్లోని మన్రేసా అనే చిన్న ఊరు చేరాడు. అక్కడ దాదాపు ఏడాది. భిక్షమెత్తుకుని తిన్నాడు. ఒకప్పుడు సొగసుకోసం ఎముక కోయించుకున్న మనిషి జుట్టూ గోళ్లూ పెంచి వదిలేశాడు. రోజుకి ఏడుగంటలు ప్రార్థన.

ఇంత చేసినా శాంతి రాలేదు. అప్పుడెప్పుడో చేసిన ఆ తప్పు పూర్తిగా చెప్పానా? ఇంకేదైనా మిగిలిపోయిందా? ఒక తప్పు గుర్తురాగానే దాని వెనకే ఇంకోటి, దాని వెనకే మరోటి... దండకి పూసలు గుచ్చుతున్నట్టు వచ్చేవి. మళ్లీ ఒప్పుకునేవాడు. మళ్లీ అనుమానం. ఎంత రాసినా ఖర్చు పద్దు తెగదు. చివరికి తానుంటున్న గదిలోని పెద్ద గోతిలోకి దూకి చనిపోవాలన్న తలపు పదేపదే వచ్చేది. అది దేవుడికి కోపం తెచ్చే పని అన్న భయమే ఆపింది. శాంతి దొరికేదాకా ముద్ద ముట్టనని ఓ ఆదివారం మొదలుపెట్టి వారమంతా పస్తున్నాడు. తర్వాతి ఆదివారం గురువు గట్టిగా ఆదేశిస్తేగానీ మానలేదు.

రెండ్రోజులు బావుంది. మూడోరోజు మళ్లీ అదే దండ. అప్పుడు తట్టింది. ఈ తవ్వకం తనని దేవుడి దగ్గరికి తీసుకెళ్లడం లేదు, బతుకు మీదే విరక్తి తెస్తోంది. మంచిదేదీ ఇలాంటి ఫలితం ఇవ్వదు. మంచం మీద నేర్చిన పాఠమే ఇక్కడా పనికొచ్చింది. చేస్తున్నదాని పేరు ప్రార్థనే కావచ్చు, మిగులుతున్నదేమిటి? ఆ రోజు నుంచి పాత తప్పుల్ని మళ్లీ తవ్వకూడదని నిర్ణయించుకున్నాడు. బరువు దిగిపోయింది.

ఈ సంగతులన్నీ ఆయనే చివరి రోజుల్లో తోటి గురువుకి చెప్పి రాయించాడు. విశేషమేమిటంటే అందులో ఎక్కడా నేను అని చెప్పుకోలేదు. తనని తాను యాత్రికుడు అనే పిలుచుకున్నాడు.

అయిదు మెట్లు

మన్రేసాలో రాసుకోవడం మొదలుపెట్టిన విషయాలే పెరిగి పెరిగి 'ఆధ్యాత్మిక సాధనలు' అనే చిన్న పుస్తకమయ్యాయి. 1548లో పోప్ మూడో పౌలు దాన్ని ఆమోదించారు. అది చదువుకునే పుస్తకం కాదు, చేసి చూసుకునే పుస్తకం. వంటల పుస్తకం చదివితే కడుపు నిండదు కదా... అలాంటిదే. అందులో రోజువారీ ఆత్మపరిశోధనకి అయిదు మెట్లు చెప్పాడు.

మొదటిది, అందుకున్న మేళ్లకి దేవుడికి కృతజ్ఞత చెప్పడం. రెండోది, తన తప్పుల్ని ఉన్నవున్నట్టుగా చూడగలిగే వెలుగునిమ్మని అడగడం. మూడోది, నిద్రలేచిన దగ్గర్నుంచి గంట గంటా తిరగేయడం... ముందు తలపులు, తర్వాత మాటలు, ఆ తర్వాత చేతలు. నాలుగోది, తప్పులకి క్షమాపణ అడగడం. అయిదోది, దేవుడి సాయంతో రేపు దిద్దుకుంటానని నిశ్చయించుకోవడం. చివర్లో పరలోక జపం.

వరస చూశారా? తప్పుల వల్లే చావు అంచుదాకా వెళ్లిన మనిషి తప్పుల్ని మొదటి మెట్టు మీద పెట్టలేదు. కృతజ్ఞత తర్వాతే తప్పులు. ముందు జమ... తర్వాతే ఖర్చు! తెలుగులో ఆ మాటే అలా ఉంది. జమాఖర్చులంటాం గానీ ఖర్చుజమలు అనం.

ఈ వరస మర్యాద కోసం పెట్టింది కాదు. జమ చూడకుండా ఖర్చు చూసినవాడికి దివాలా ఒక్కటే కనిపిస్తుంది. అప్పుడు రెండే దారులు. బెంబేలెత్తిపోవడం, లేదా లెక్క చూడ్డమే మానేయడం. ప్రార్థన మానేసిన చాలామంది దేవుడి మీద నమ్మకం లేక మానరు. కూర్చుంటే తప్పులే గుర్తొస్తాయని మానేస్తారు. జమ ముందు చూసినవాడి సంగతి వేరు. ఇంత ఇచ్చినవాడు కొడతాడా అన్న ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతో తప్పుని కప్పిపెట్టకుండా చూడగలుగుతాడు. అంటే కృతజ్ఞత తప్పుల్ని చిన్నవి చేయదు. చూసే కళ్లకి బలమిస్తుంది.

పారిస్‌లో అదే గదిలో ఉన్న మూడో స్నేహితుడు పీటర్ ఫేబర్ కూడా ఇలాంటి అనుమానాలతోనే నలిగిపోతుండేవాడు. ఇగ్నేషియస్ అతణ్ని తొందరపెట్టలేదు. దాదాపు నాలుగేళ్లు పక్కనుండి, రోజూ ఇలా చూసుకోవడం నేర్పాడు. ఆ ఫేబర్ తర్వాత ఎంతోమందికి ఊరటనిచ్చే గురువయ్యాడు. 2013లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు.

చుక్కల లెక్క

ఇగ్నేషియస్ పుస్తకంలో నిజంగానే చిట్టా లాంటిది ఒకటుంది. ఒకే ఒక్క లోపాన్ని ఎంచుకుని దాని పని పట్టే పద్ధతి అది. కోపమే అనుకుందాం. పొద్దున లేవగానే, ఇవాళ కోపం విషయంలో జాగ్రత్తగా ఉంటానని అనుకోవాలి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి లెక్క చూసుకోవాలి. ఎన్నిసార్లు జారితే అన్ని చుక్కలు గీత మీద పెట్టాలి. రోజుకి రెండు గీతలు, వారానికి ఏడు జతలు. నిన్నటికీ ఇవాళ్టికీ, పోయిన వారానికీ ఈ వారానికీ పోల్చుకోవాలి. జారిన ప్రతిసారీ, అక్కడికక్కడే, గుండె మీద చెయ్యి పెట్టుకోవాలి. నలుగురిలో ఉన్నా ఫర్వాలేదు, ఎవరూ గమనించరు అంటాడాయన!

ఇక్కడా మెలకువ ఒకటుంది. ఒక్క లోపాన్నే పట్టుకోమన్నాడు. అన్నీ ఒకేసారి దిద్దుకోవాలని కూర్చుంటే ఏదీ దిద్దుకోలేమని ఆయనకి అనుభవమే.

యేసు సభలో రోజుకి రెండుసార్లు ఆత్మపరిశోధన నియమం. సభలో చదువుకునే కుర్రాళ్లకి చదువు భారం ఎక్కువని మిగతా ప్రార్థనల సమయం తగ్గించినా దీన్ని మాత్రం వదలనివ్వలేదు. పని ఎక్కువున్న రోజునే లెక్క చూసుకోవాల్సిన అవసరమూ ఎక్కువ మరి.

క్షురకుడికో పుస్తకం

ఇదంతా కథోలికుల గొడవ అనుకుంటే పొరపాటు. ఇగ్నేషియస్ కాలంలోనే ఆయనకి పూర్తిగా ఎదుటి పక్షంలో మరో మనిషి ఉన్నాడు. ఆయన మార్టిన్ లూథర్. కథోలిక సభతో తెగతెంపులు చేసుకున్న సంస్కర్త. ఆ ఇద్దరికీ ఎక్కడా పొత్తు కుదరదు. కానీ లూథర్ కూడా కుర్ర సన్యాసిగా ఉన్న రోజుల్లో గంటలకొద్దీ పాపాలు ఒప్పుకుని గురువుని విసిగించినవాడే. ఎంత చెప్పినా ఇంకా మిగిలిందేమోనని వణికినవాడే.

లూథర్‌కి క్షవరం చేసే పీటర్ అనే క్షురకుడు ప్రార్థన ఎలా చెయ్యాలని అడిగాడు. పెద్దాయన విసుక్కోలేదు. 1535లో అతనికోసం ఓ చిన్న పుస్తకమే రాసిచ్చాడు. పది ఆజ్ఞల్లో ఒక్కోదాన్నీ తీసుకుని నాలుగు పోగుల దండ అల్లమన్నాడు. ఇందులో నాకు నేర్పుతున్నదేమిటి? దీనికి నేను చెప్పాల్సిన కృతజ్ఞత ఏమిటి? ఒప్పుకోవాల్సిన తప్పేమిటి? అడగాల్సిందేమిటి? ఇక్కడా వరస అదే. కృతజ్ఞత తర్వాతే తప్పు. పడని ఇద్దరు ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే వరస చెప్పారంటే, దాని వెనక ఇద్దరూ పడ్డ ఒకే రకం బాధ ఉంది.

లూథర్ పేరుతో ఉన్న సంఘం గుంటూరు ప్రాంతానికి బాగా తెలిసిందే. 1842 జులై 31న హేయర్ దొర గుంటూరు చేరుకోవడంతో ఇక్కడ లూథరన్ మిషన్ మొదలైంది. చిత్రంగా జులై 31 ఇగ్నేషియస్ పండుగ రోజు కూడా. ఆయన 1556లో రోమ్‌లో కన్నుమూసింది ఆ తేదీనే.

మిగతా సంఘాల్లోనూ రోజువారీ ధ్యానానికి ఎవరి పద్ధతి వాళ్లకుంది. జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్లు రోజుకో వాక్యం చొప్పున ఏడాదికి సరిపడా పుస్తకాన్ని 1731లో అచ్చేశారు. అప్పట్నుంచీ ఏటా వస్తూనే ఉంది. మెథడిజానికి ఆద్యుడైన జాన్ వెస్లీ తన రోజుని గంటల వారీగా గుర్తుల భాషలో డైరీలో రాసుకునేవాడు. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో 'ఎడారిలో సెలయేర్లు' కనిపించని ఇల్లు అరుదు. 1925లో అమెరికాలో వచ్చిన రోజువారీ ధ్యానాల పుస్తకానికి అది తెలుగు. పొద్దున వాక్యం చదువుకోవడం, రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని కుటుంబ ప్రార్థన చేసుకోవడం ఇక్కడ తరాలుగా ఉన్న అలవాటే. ఆ ప్రార్థన ముగిశాక అయిదు నిమిషాలు ఎవరికి వారు మౌనంగా రోజుని తిరగేసుకుంటే చాలు... ఆత్మపరిశోధన దానంతటదే వచ్చి చేరుతుంది.

పరిసయ్యుడి జమ

జమ ముందు అన్నారు కదా అని మనం చేసిన మంచిపనులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడితే? యేసు చెప్పిన కథ ఒకటి దీనికి జవాబు. లూకా సువార్త 18వ అధ్యాయంలో ఉంది. ఇద్దరు ప్రార్థనకి గుడికి వెళ్తారు. పరిసయ్యుడు కూడా కృతజ్ఞతతోనే మొదలుపెడతాడు. కానీ దేనికి? తాను మిగతావాళ్లలా చెడ్డవాణ్ని కానందుకు! ఆపైన తన ఉపవాసాలూ, దశమభాగాలూ ఏకరువు పెడతాడు. సుంకరి మాత్రం దూరంగా నిలబడి, తల ఎత్తకుండా, కరుణించమని ఒక్కమాట అడుగుతాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరే.

పరిసయ్యుడు జమ రాయలేదు. గొప్పలు రాశాడు. జమ అంటే మనం సంపాదించింది కాదు, మనకి వచ్చింది. ఎవరో ఇచ్చింది. అడక్కుండా అందింది. ఈ తేడా తెలిస్తే కృతజ్ఞత పొగరుగా మారదు.

ఇచ్చింది గుర్తుచేసుకోవడం మనసుకి మంచిదని పరిశోధకులూ చెప్పారు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనంలో కొందరితో కృతజ్ఞతగా అనిపించిన విషయాలు, మరికొందరితో చికాకులు రాయించారు. కృతజ్ఞతలు రాసుకున్నవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పారు. అయితే ప్రార్థనకీ ఆ రాతకీ తేడా ఒకటుంది. ప్రార్థనలో ఆ కృతజ్ఞత అందుకునేవాడు ఎదురుగా ఉన్నాడన్న నమ్మకం. లెక్క తనలో తాను చూసుకోవడం కాదు, ఇచ్చినవాడి పక్కన కూర్చుని చూసుకోవడం.

ఓ రోజు తిరగేస్తే...

ఓ బడిపంతులమ్మ అనుకుందాం. రాత్రి పిల్లలు పడుకున్నాక పెరటి మెట్ల మీద కూర్చుంది.

ముందు జమ. తను స్నానం చేసి వచ్చేసరికి భర్త కాఫీ కలిపి ఉంచాడు. ఆలస్యమైనా ఆటో అబ్బాయి ఆగాడు. మధ్యాహ్నం తోటి టీచరు గోంగూర పచ్చడి వేసింది. సాయంత్రం చిన్న జల్లు పడి గాలి చల్లబడింది. ఇవేవీ పెద్దవి కావు. అయినా ఒక్కోదాని దగ్గరా కాసేపు ఆగింది. పొద్దున ఆటో అబ్బాయికి థాంక్స్ కూడా చెప్పలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత వెలుగునిమ్మని అడిగి, రోజుని గంటగంటా తిరగేసింది. బెల్లు కొట్టాక కూడా ఓ పాపకి భిన్నాలు మళ్లీ చెప్పిన అయిదు నిమిషాలు... అలసటగా ఉన్నా మనసు ఎందుకో నిండుగా ఉంది అప్పుడు. మూడో పీరియడ్‌లో ఓ కుర్రాడు చెప్పిందే మళ్లీ అడిగాడని అందరిముందూ కసిరింది. వాడు కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఇక ఏమీ అడగలేదు. నిజానికి కోపం వాడి మీద కాదు. అంతకు గంట ముందు హెడ్మాస్టరు అన్న మాట మీద. అక్కడ మింగిన కోపం ఇక్కడ కక్కింది. సాయంత్రం అమ్మ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానమ్మా అని పెట్టేసింది. చేతిలో పనేమీ లేదు, సెల్‌ఫోన్ తప్ప.

తనని తాను తిట్టుకోలేదు. సాకులూ వెతుక్కోలేదు. క్షమించమని అడిగింది. రేపటికి రెండే పనులు అనుకుంది. ఆ కుర్రాణ్ని పిలిచి, నిన్న ఏదో అడిగావు కదరా, ఏమిటది అనాలి. అమ్మకి తనే ఫోన్ చేయాలి. అంతే. లేచి లోపలికి వెళ్లింది.

అంతా కలిపి పావుగంట. కానీ తిరగేయకపోతే ఏమయ్యేది? కుర్రాడి సంగతి గుర్తుండేది కాదు. హెడ్మాస్టరు మాట ఒక్కటే గుచ్చుతూ ఉండేది. తాను తిన్న దెబ్బే గుర్తుండి, తాను కొట్టిన దెబ్బ మరుగున పడిపోయేది. వాడు మాత్రం ఇక ఎప్పటికీ చెయ్యెత్తి ప్రశ్న అడిగేవాడు కాదేమో. రోజువారీ పరిశోధన విలువ తెలిసేది అక్కడే. లాభం చేసుకున్నవాళ్లకే కాదు, చుట్టూ ఉన్నవాళ్లకి కూడా.

ఇవి గుర్తుంచుకోండి

సమయం ఒకటే ఉండాలి. పక్క మీద వాలాక మొదలుపెడితే రెండో మెట్టు దగ్గరే నిద్ర పట్టేస్తుంది. భోజనానికి ముందో, ఇల్లు సద్దుమణిగాకో కూర్చోవడం మేలు. సెల్‌ఫోన్ వేరే గదిలో ఉంటే ఇంకా మేలు.

జమ లేని రోజంటూ ఉండదు. ఏమీ తోచకపోతే పొద్దున తాగిన నీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టండి. మరణం, అప్పు, జబ్బు మీదపడ్డ రోజుల్లో కృతజ్ఞత నోటికి రాకపోవచ్చు. అప్పుడు దుఃఖాన్నే దేవుడి ముందు పెట్టొచ్చు. కీర్తనల గ్రంథంలో అలాంటి మొరలు బోలెడున్నాయి.

దేవుడికి క్షమాపణ చెప్పేశాం కదా అని మనిషికి చెప్పకపోతే లెక్క పూర్తికాదు. బలిపీఠం దగ్గర కానుక వదిలేసి ముందు వెళ్లి సోదరుడితో సమాధానపడమని యేసే చెప్పాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది మరొకటి. చేసిన తప్పే మళ్లీ మళ్లీ గుర్తొస్తూ, ఎంత ప్రార్థించినా క్షమాపణ దొరకలేదనిపిస్తూ, నిద్రాహారాలు పోతుంటే దాన్ని భక్తి అనుకోవద్దు. మన్రేసాలో ఇగ్నేషియస్‌కి జరిగింది అదే. ఈ రకం అనుమానాల గురించి ఆయన తన పుస్తకంలో ప్రత్యేకంగా సూచనలే రాశాడు. అలాంటప్పుడు పరిశోధన కొన్నాళ్లు పక్కనపెట్టి, నమ్మకమైన గురువుతో మాట్లాడాలి. మానసిక వైద్యుణ్నీ కలవాలి. చనిపోవాలన్న తలపు వస్తుంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. అది విశ్వాసం తక్కువై కాదు. కాలు విరిగితే కట్టు కట్టించుకున్నట్టే ఇదీ.

1972లో అమెరికా జెస్యూట్ జార్జ్ ఆషెన్‌బ్రెనర్ ఈ ప్రార్థన గురించి ఓ వ్యాసం రాశారు. తప్పుల పట్టీగా మిగిలిపోయిన ఆత్మపరిశోధనని, దేవుడు ఈ రోజులో ఎక్కడెక్కడ పలకరించాడో గమనించుకునే ప్రార్థనగా మళ్లీ చూడమన్నది ఆయన మాటల సారం. ఆ తర్వాత చాలామంది అటు తిరిగారు. 2018లో రాసిన లేఖలో పోప్ ఫ్రాన్సిస్ కూడా రోజూ నిజాయతీగా ఆత్మపరిశోధన చేసుకోవడం మానొద్దని క్రైస్తవులందర్నీ కోరారు. ఆయనా యేసు సభ మనిషే.

వ్యాపారి చిట్టాలో నిన్నటి నిల్వే ఇవాళ్టి తొలి జమ. రాత్రి లెక్క తేలితేనే ఆ అంకె దొరుకుతుంది. రోజు విషయంలోనూ అంతే. క్షమాపణ అడిగేసిన తప్పు మర్నాటి పద్దులోకి రాదు. అందుకున్న మేలు మాత్రం వస్తుంది. పొద్దున లేచేసరికి చేతిలో ఎంతో కొంత ఉన్న మనిషి, ఎదుటివాడికి ఇవ్వడానికి వెనకాడడు.